టీచరు బూటు కొలత

బూట్లు పోయిన సంగతి బుధవారం పొద్దున బయటపడింది.

బడికి వెళ్ళబోతూ కూతురు గుమ్మం పక్కనున్న చెక్క అర ముందు కూర్చుంది. తన పాత చెప్పులు తీసింది, గొడుగు తీసింది, తండ్రి వానాకాలపు బూట్లు తీసింది. అన్నీ లోపల పెట్టి మళ్ళీ మొదటినుంచి తీసింది.

"పెద్దమ్మా, అమ్మ బూట్లేవి?"

వంటగదిలో గిన్నెల చప్పుడు ఆగింది.

పెద్దమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. నిన్న పాత సామాన్ల బండి వచ్చిందనీ, అరలో చిరిగినవీ అరిగినవీ ఏరి ఇచ్చేశాననీ చెప్పడం మొదలుపెట్టింది. పిల్ల మొహం చూశాక ఆ మాట పూర్తి చేయలేదు.

పిల్ల తండ్రి, అదే బళ్ళో చరిత్ర మాస్టారు, కిటికీ దగ్గర బల్ల మీద పరీక్ష పేపర్లు దిద్దుతున్నారు. ఎర్ర కలం ఒక జవాబు మధ్యలో ఆగిపోయింది.

నిన్న కూడా ఆయన ఇక్కడే కూర్చుని ఉన్నారు. వదినగారు, అంటే పిల్ల పెద్దమ్మ, ఆ బూట్లు రెండు చేతులా ఎత్తి పట్టుకుని, "ఇవి కూడా ఇచ్చేయనా మరిదిగారూ?" అని అడిగింది. ఆయన తల ఎత్తకుండా "ఊఁ" అన్నారు. ఏమిటవి అని చూడలేదు.

వదినగారు ఇప్పుడు ఒక్కసారి ఆయన వైపు చూసింది. ఆయన నోరు విప్పుతారేమోనని కాసేపు ఆగింది. తర్వాత పిల్ల వైపు తిరిగి, "అరిగిపోయాయి కదమ్మా, ఎందుకు లెమ్మనుకున్నాను," అంది.

"అవి బూట్లు కావు పెద్దమ్మా. మా కొలబద్ద."

అరుస్తుందేమోనని ఇద్దరూ ఎదురుచూశారు. అరిచి ఉంటే బాగుండేది. సంచీ భుజాన వేసుకుని, టిఫిను డబ్బా బల్ల మీదే వదిలేసి వెళ్ళిపోయింది.

కొలబద్ద అని ఆ పిల్ల ఊరికే అనలేదు.

నలుగురు ఆడపిల్లలు ఒకరి తర్వాత ఒకరు కర్ర అందించుకుంటూ పరుగెత్తే రిలే పందెంలో ఆ పిల్ల కూడా ఉంది. కర్ర అందుకోవలసిన పిల్ల ముందు నిలబడి ఉంటుంది. వెనకనుంచి వచ్చే పిల్ల నేల మీది సున్నపు గీత దాటగానే ఈ పిల్ల పరుగు అందుకోవాలి. గీత మరీ దూరమైతే ముందున్నది తొందరపడి పారిపోతుంది, కర్ర అందదు. మరీ దగ్గరైతే ఇద్దరూ ఒకరి మీద ఒకరు పడతారు. కర్ర మూడుసార్లు చేతులు మారుతుంది కాబట్టి మూడు గీతలు. ఆ మూడింటినీ డ్రిల్లు టీచరు, అంటే మాస్టారు భార్య, తన బూట్లతో కొలిచేది. ఒక బూటు మడమకు రెండో బూటు ముక్కు ఆనించి, అడుగు వెంట అడుగు వేసుకుంటూ పోయి, చివర గీత గీసేది.

తక్కిన బళ్ళలో ఎవరి పాదంతో వాళ్ళే కొలుచుకుంటారు. ఆమె ఒప్పుకునేది కాదు. "మీ పాదాలు నెలనెలా పెరుగుతాయర్రా. నాది పెరగడం ఎప్పుడో మానేసింది," అనేది. టేపు పెట్టి కొలవొచ్చు కదా టీచర్ అంటే, టేపు మర్చిపోతాం, బూట్లు మర్చిపోయి మైదానానికి ఎవరూ రారు అనేది. నిజమే అని పిల్లలు నవ్వేవాళ్ళు.

చలికాలం మొదట్లో ఆమె పోయింది. అప్పటినుంచి కూతురు ఆ బూట్లలో గుడ్డ కుక్కుకుని, లేసు రెండు చుట్లు చుట్టి, రోజూ సాయంత్రం తనే కొలిచేది. రాత్రి వానకో, మర్నాడు మగపిల్లల బంతాటకో గీతలు చెరిగిపోతే మళ్ళీ కొలిచేది. ఎన్ని అడుగులో నలుగురికీ కంఠతా వచ్చు. ఒక్కో అడుగు ఎంతో ఎవరికీ తెలియదు. ఆ అవసరం ఎప్పుడూ రాలేదు.

ఇక జిల్లా పోటీలు శనివారం.

*

బళ్ళో పెద్ద మేడమ్ బూట్ల సంగతి విని, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

ఆమె ప్రతి సోమవారం ప్రార్థన తర్వాత బడి సాధించినవన్నీ చదువుతుంది. ఈ సోమవారం కూడా చదివింది. క్విజ్‌లో జిల్లాకు రెండో స్థానం, బొమ్మల పోటీలో ఎనిమిదో తరగతి పిల్లకు మెచ్చుకోలు పత్రం, చదరంగంలో ఒకడు సెమీఫైనల్ దాకా వెళ్ళి జ్వరంతో తిరిగి వచ్చాడు. చివర, అమ్మాయిల రిలే జట్టు శనివారం పరుగెత్తుతుందని చదివినప్పుడు చప్పట్లు ఎక్కువసేపు మోగాయి. టీచరును తలుచుకునే అలా కొట్టారని అందరికీ తెలుసు.

స్టాఫ్ రూములో తలా ఒక ఉపాయం చెప్పారు. అదే నంబరు బూట్లు కొత్తవి కొనవచ్చు కదా అని సైన్సు టీచరు అంది. కుదరదని మాస్టారే చెప్పారు. అసలు అట్ట అరిగిపోతే ఆమె చెప్పులు కుట్టేవాడి చేత టైరు ముక్క వేయించింది. అది బూటు కంటే ముందుకూ వెనక్కూ పొడుచుకుని ఉండేది. చెప్పులు కుట్టేవాణ్ణి అడిగి చూశారా అంటే, అడిగానన్నారు. రోజూ ఎన్నో కాళ్ళు చూస్తాను మాస్టారూ, ఏ కాలికి ఎంత కోశానో ఏం గుర్తుంటుంది అన్నాడట అతను.

లెక్కల మాస్టారు ఊరుకోలేక, బళ్ళో ఉన్న టీచర్లందరి పాదాలూ కొలిచి సగటు తీద్దామన్నారు. "మీ పాదం ఒక్కటి కలిస్తే చాలు, పిల్లలు పక్క జిల్లాలో కర్ర అందుకుంటారు," అంది సైన్సు టీచరు. నవ్వబోయి, చరిత్ర మాస్టారును చూసి అందరూ ఆగిపోయారు.

అందరూ క్లాసులకు వెళ్ళాక పెద్ద మేడమ్ ఆయన్ను కూర్చోమంది.

ఈ సంగతి మాస్టారుకు తెలియంది కాదు. అయినా ఆమె మొదటినుంచి చెప్పింది. మగపిల్లలకు తప్ప జిల్లాలో రిలే లేని రోజుల్లో విద్యాశాఖ కార్యాలయం చుట్టూ తిరిగి తిరిగి అమ్మాయిల రిలేను జాబితాలోకి ఎక్కించింది ఆయన భార్యే. కనీసం నాలుగు బళ్ళు దిగితేనే పందెం జరుపుతామని వాళ్ళు మెలిక పెట్టారు. నాలుగో బడిని ఏటా ఆమే బతిమాలి తెచ్చేది. ఈ ఏడు బతిమాలేవాళ్ళు లేరు. సరిగ్గా నాలుగే వచ్చాయి, మనతో కలిపి.

"మనం తప్పుకుంటే పందెం తీసేస్తారు. ఒకసారి తీసేస్తే మళ్ళీ పెట్టరు. వాళ్ళ సంగతి మీకు తెలుసు."

"తెలుసండీ."

"మీ అమ్మాయి ఇందాక వచ్చి, మేం రాం మేడమ్ అని చెప్పి వెళ్ళింది. నేనింకా కాగితం మీద పెట్టలేదు. శుక్రవారం సాయంత్రం దాకా ఆగుతాను."

మాస్టారు లేచి నిలబడ్డారు. ఇంకేమైనా చెబుతారని ఆమె చూసింది. ఆయన కుర్చీని బల్ల కిందికి జరిపి, బయటికి వచ్చారు.

*

గురువారం మధ్యాహ్నం వదినగారే బండివాణ్ణి పట్టుకుంది. పాత బట్టలూ చెప్పులూ అన్నీ రైలు గేటు అవతలి షెడ్డులో దించేస్తామని అతను చెప్పాడు. ఇద్దరూ నడిచి వెళ్ళారు.

షెడ్డులో మూడు గుట్టలున్నాయి. ఒకటి గుడ్డ, ఒకటి తోలు, ఒకటి రబ్బరు. గుట్టల మధ్య ఆడవాళ్ళు కూర్చుని బూట్ల అడుగులు కత్తితో ఊడదీసి ఒక పక్కకీ, పైభాగాలు ఇంకో పక్కకీ విసిరేస్తున్నారు. మంగళవారం సరుకు సగం అయిపోయిందని, మిగిలిందేదో ఆ మూల ఉంటే వెతుక్కోమని అన్నారు.

మాస్టారు చొక్కా చేతులు మడిచి మూల కూర్చున్నారు.

నీలం గుడ్డ బూట్లు. అంతవరకు ఆయనకు గుర్తుంది. నీలం గుడ్డ బూట్లు అక్కడ చాలా ఉన్నాయి. టైరు అడుగు వేయించినవి కూడా నాలుగైదు జతలున్నాయి. ఒక్కొక్కటే ఎత్తి చూశారు. పెళ్ళయిన కొత్తలో ఆమె పరుగెత్తడం చూశారు, పిల్ల పుట్టాక మళ్ళీ పరుగెత్తడం చూశారు, ఆస్పత్రి మంచం పక్కన ఆ బూట్లనే నెలల తరబడి చూశారు. ఇప్పుడు చేతిలో ఉన్నది ఆమెదో కాదో చెప్పలేకపోయారు.

వదినగారు పక్కకు వచ్చి నిలబడింది. తర్వాత మెల్లగా అంది.

"మీరు ఊఁ అన్న సంగతి పిల్లకు చెప్పకండి."

ఆయన తల ఎత్తలేదు.

"నేనే ఇచ్చాననుకోనివ్వండి. పెద్దమ్మ మీద కోపం నాలుగు రోజుల్లో పోతుంది. నేను మా ఇంటికి వెళ్ళిపోతే రెండు రోజుల్లోనే పోతుంది. మీ మీద కోపం వస్తే ఆ ఇంట్లో మీరిద్దరే ఉండాలి."

అలా కుదరదు వదినగారూ అనాలనుకున్నారు. ఒక జత ఎత్తి, దుమ్ము దులిపి పక్కన పెట్టుకున్నారు.

"ఇవేనా?"

"ఇవే అనుకుంటాను."

వదినగారు వాటిని తీసుకుని కళ్ళ దగ్గర పెట్టుకుని చూసింది. తోబుట్టువు బూట్లు ఆమెకూ తెలియలేదు. కొంగుతో తుడిచి సంచీలో వేసుకుంది.

*

కూతురు వాటిని చేత్తో తాకలేదు. గుమ్మంలో నిలబడే చూసింది.

"ఇవి కావు."

"సరిగ్గా చూడమ్మా," అన్నారు మాస్టారు. "టైరు అడుగు ఉంది, రంగు కూడా..."

"అమ్మ ఎడమ కాలు లోపలికి వాల్చి నడిచేది నాన్నా. ఎడమ బూటు లోపలివైపు అరిగిపోయి ఉంటుంది. ఇది చూడు, రెండూ సమానంగా ఉన్నాయి. ఎవరో తిన్నగా నడిచేవాళ్ళవి."

మాస్టారు బూటు తిరగేసి చూశారు. సమానంగానే ఉంది.

"ఇన్నేళ్ళు నువ్వూ అమ్మా ఒకే గుమ్మంలో బూట్లు విప్పుకున్నారు కదా," అంది ఆ పిల్ల. ఎత్తిపొడుపుగా అనలేదు. తెలియక అడిగినట్టే అడిగింది.

పెద్దమ్మ మధ్యలోకి వచ్చింది. పోయినవాటి కోసం ఉన్నవాళ్ళను సాధిస్తే ఏం వస్తుందని, వేరే గీతలు గీసుకుని పరుగెత్తకూడదా అని, మీ అమ్మ ఉంటే అదే చెప్పేదని అంది. చివరి మాట అనకుండా ఉండాల్సింది.

"అమ్మ ఉంటే బూట్లు అమ్మ కాళ్ళకే ఉండేవి పెద్దమ్మా."

ఆ రాత్రి ముగ్గురూ ఒకే బల్ల దగ్గర అన్నం తిన్నారు. నీళ్ళ చెంబు ఎవరూ అడగకుండానే చేతులు మారింది. పిల్ల కంచం కడిగి పెట్టి, తండ్రి వైపు చూడకుండా చెప్పింది. పిల్లలకు చెప్పేశానని, తూనీగ ఏడ్చిందని, మౌని ఏడవకుండా వాగుతూనే ఉందని, తాబేలు మాత్రం ఏమీ అనలేదని. అవి టీచరు పెట్టిన పేర్లు. నలుగురిలో చివర పరుగెత్తే దర్జీ కూతురు జట్టంతటికీ వేగమైనది, అందుకని దానికి తాబేలని పెట్టింది. నోరు మూతపడని పిల్ల మౌని అయింది. సొంత కూతురికి మటుకు పేరు పెట్టలేదు. మైదానంలో దాన్ని మూడో నంబరూ అనే పిలిచేది. అమ్మా అని పిలిస్తే పలికేది కాదు, టీచర్ అనాలి.

"పోటీకి రామని మేడమ్‌కు చెప్పాను నాన్నా."

"తెలుసు. రేపు సాయంత్రం దాకా ఆగుతానన్నారు."

"ఎందుకు ఆగడం?"

ఆయన తన కంచం తీసుకుని లేచారు. శుక్రవారం బడి గంట కొట్టగానే స్టోరు గదిలోంచి సున్నం డబ్బా తీసుకుని మైదానానికి వెళ్ళారు.

*

చరిత్ర మాస్టారు సున్నం డబ్బాతో మైదానంలోకి రావడం చూసి తూనీగ, మౌని, తాబేలు ముగ్గురూ గోడ దిగి వచ్చారు. ఏం చేయాలో ఆయనకు తెలియదు. మీరు పరుగెత్తండి, నేను గీస్తాను, కుదిరేదాకా చెరిపి గీద్దాం అన్నారు.

కూతురు గేటు దగ్గర నిలబడి చూస్తోంది. రమ్మని ఎవరూ పిలవలేదు. కాసేపటికి తనే వచ్చి తన చోట నిలబడింది.

మొదటి గీత తొందరగానే దొరికింది. తూనీగ వచ్చి, మౌని అందుకుని, కర్ర చేతిలో చప్పుడవుతూ పడింది. "మాస్టారూ, మీరు చరిత్ర మానేసి ఇటు వచ్చేయండి, అక్కడ మేం ఎలాగూ పాస్ కావడం లేదు," అంది మౌని. రెండో గీతకు నాలుగైదు సార్లు పట్టింది. మౌని తెచ్చిన కర్ర కూతురి చేతికి రెండుసార్లు తగిలి జారింది. ఆయన గీత కొంచెం వెనక్కి జరిపారు. ఈసారి అందింది. కూతురు కర్ర పట్టుకుని వంపు తిరిగి పరుగెత్తింది. ఆ పరుగులో ఎడమ కాలు లోపలికి వాలుతోంది. ఆయన ఇదివరకెప్పుడూ గమనించలేదు.

మూడోది కుదరలేదు.

తాబేలు వేగం ఎక్కువ. అందువల్ల ఆ గీత అన్నిటికంటే కష్టం. ఆయన దగ్గరికి గీస్తే తాబేలు వీపుకు కూతురు గుద్దుకుంది. దూరంగా గీస్తే తాబేలు ఎటో వెళ్ళిపోయి, కూతురు కర్ర చాపుకుని వట్టి గాలిని పొడిచింది. మధ్యలో గీశారు, మళ్ళీ గీశారు. నేలంతా సున్నం మరకలై ఏది కొత్త గీతో ఏది పాతదో తెలియకుండా పోయింది. ఎండ గోడ మీదికి ఎక్కింది. మౌని కూడా మాట్లాడటం మానేసింది.

బడి మెట్ల మీద పెద్ద మేడమ్ సంచీ భుజాన వేసుకుని నిలబడి ఉంది. తొందర పెట్టడం లేదు. చూస్తోంది అంతే.

"ఇంకొక్కసారి," అన్నారు మాస్టారు.

కూతురు వంపు తిరిగి వచ్చింది. గీత ఇంకా కొంత దూరం ఉండగానే వేగం తగ్గింది. నడిచింది. నిలబడింది. తాబేలు వెనక్కి తిరిగి, రొప్పుతూ నడుము మీద చేతులు పెట్టుకుంది.

మాస్టారు డబ్బా కింద పెట్టి దగ్గరికి వెళ్ళారు.

"దెబ్బ తగిలిందా?"

"పెద్దమ్మ నా పాత రిబ్బను పారేయాలన్నా నన్ను అడుగుతుంది," అంది కూతురు. "అమ్మ బూట్లు ఎవరినీ అడక్కుండా ఇచ్చేసిందా?"

తాబేలు ఒక అడుగు వెనక్కి వేసి, నేల వైపు చూడసాగింది.

"నన్ను అడిగింది," అన్నారు మాస్టారు.

"నువ్వేమన్నావు?"

"ఊఁ అన్నాను."

"చూశావా?"

"చూడలేదు. పేపర్లు దిద్దుతున్నాను."

పిల్ల తల ఊపింది. పాఠం అర్థమైందని క్లాసులో పిల్లలు ఊపినట్టు ఊపింది. మరి మొన్నటినుంచి ఎందుకు చెప్పలేదని అడుగుతుందని ఆయన ఎదురుచూశారు. జవాబు కూడా సిద్ధం చేసుకున్నారు, మంచి జవాబేమీ కాదు. ఆ పిల్ల అడగలేదు. కర్ర తాబేలుకు ఇచ్చింది. పరుగెత్తి ఇవ్వలేదు, మామూలుగా ఇచ్చింది. గోడ మీది సంచీ తీసుకుని గేటు దాటి వెళ్ళిపోయింది.

ఇంటివైపు తిరిగిందో, అటు తాబేలు వాళ్ళ కుట్టు దుకాణం వైపు వెళ్ళిందో గోడ అడ్డం వచ్చి కనబడలేదు.

తాబేలు కర్రను రెండు చేతులా పట్టుకుని నిలబడింది. తను రేపు పొద్దున్నే వస్తానని, నాన్నకు చెప్పి దుకాణం పని మానుకుని వస్తానని అంది. మూడో నంబరు రాకపోతే మనం ముగ్గురమే వచ్చి ఏం చేస్తామే అంది తూనీగ.

పెద్ద మేడమ్ మెట్లు దిగి వచ్చింది. చేతిలో ఫోను ఉంది. కార్యాలయం వాళ్ళు రెండుసార్లు చేశారని, ఇంక ఆపలేనని, ఏదో ఒకటి చెప్పమని అడిగింది.

"వస్తారా మాస్టారూ, రారా?"

ఆయన మైదానం వైపు చూశారు. అటు చివర మొదటి గీత ఉంది. వంపు దగ్గర రెండో గీత ఉంది. మూడో చోట ఇంకా సున్నం మరకలే ఉన్నాయి.